తోబియాస్ పగలగొట్టని గ్లాసు

తోబియాస్ ఐజెలె పెదవులు ఎప్పుడూ కదులుతూనే ఉండేవి. దూలం చెక్కుతున్నా, పప్పు తింటున్నా, చర్చిలో పాదిరి గారు ప్రసంగం చేస్తున్నా సరే, లోపల ఏదో నములుతున్నట్టే ఉండేవాడు. పొరుగూరి నుంచి వచ్చినవాళ్లు పొగాకు అనుకునేవాళ్లు. మా ఎర్లెన్‌బ్రూన్‌లో మాత్రం అందరికీ తెలుసు, అతను నమిలేది మాటలని.

"అదుగో, మళ్లీ వడుకుతున్నాడు" అనేవాళ్లు.

మా జర్మన్ భాషలో నూలు వడకడానికీ మతి తప్పడానికీ ఒకటే మాట. రెండిటికీ వేరువేరు మాటలు ఎందుకు పుట్టించలేదో పెద్దవాళ్లకే తెలియాలి. రాట్నం ముందు కూర్చున్నవాడూ, తలలో రాట్నం తిరిగేవాడూ చూడ్డానికి ఒకేలా ఉంటారు కాబోలు. తోబియాస్ నాన్న అయితే రెండు రకాలుగానూ వడికినవాడు. అవిసె నార వడికి, నేసి, సంతలో అమ్మేవాడు. నది ఒడ్డున మిల్లు లేచాక చేతి నూలు అడిగేవాడు లేకుండా పోయాడు. అయినా ఆయన పొద్దున్నే లేచి రాట్నం ముందే కూర్చునేవాడు. చేతిలో నార ఉండేది కాదు. ఖాళీ రాట్నం తిప్పుతూ దేవుడి మీద పాటలు కట్టేవాడు. కట్టింది నచ్చక మళ్లీ మొదటికొచ్చేవాడు. ఒక శీతాకాలం తిండి కూడా మానేశాడు. బండి కట్టి పిచ్చాసుపత్రికి తీసుకుపోతుంటే, బండిలో కూర్చుని కూడా ఆయన వేళ్లు దారం లాగుతున్నట్టే కదిలాయి. కంచె పట్టుకుని నిలబడి తోబియాస్ ఆ వేళ్లనే చూశాడు. మొహం గుర్తులేదు గానీ ఆ వేళ్లు మాత్రం అతనికి చచ్చేదాకా గుర్తుండిపోయాయి.

ఆ తర్వాత బడి పూర్తిచేసే యోగం లేదు. బౌడర్ మేస్త్రీ దగ్గర వడ్రంగి పనికి చేరాడు. పని పట్టుబడ్డాక, మా వడ్రంగుల ఆనవాయితీ ప్రకారం భుజాన మూట వేసుకుని మూడేళ్ల మీద ఒక రోజు దేశం తిరిగాడు. తిరిగినన్నాళ్లూ సొంత ఊరి పొలిమేర తొక్కకూడదు. చాలామంది ఈ నియమానికి ఏడుస్తారు. తోబియాస్‌కి అదేం కష్టం కాలేదు. ఒక్కచోట కూర్చోలేనివాడికి నడక శిక్షా? తిరిగొచ్చి రొజీనని పెళ్లి చేసుకున్నాక కాళ్లయితే ఆగాయి. తల ఆగలేదు.

రొజీన బట్టలు ఉతికే పని చేసేది. నోరు కాస్త పెద్దదే గానీ, చెయ్యి అంతకన్నా పెద్దది. మొగుడి పెదవులు కదలడం చూసినప్పుడల్లా ఆమెకు కంచె పక్కనుంచి వెళ్లిన బండే గుర్తొచ్చేది. అప్పుడు తను ఇంకా చిన్నపిల్ల. ఆ బండిని ఊరంతా చూసింది.

ఇంటికి వాసాలు ఎక్కి, పెంకులు పరవడం ఒక్కటే మిగిలిన రోజున మా దగ్గర ఒక వేడుక ఉంటుంది. చిన్న దేవదారు మొక్కకి రంగు రిబ్బన్లు కట్టి ఇంటి కొప్పు మీద నిలబెడతారు. వడ్రంగుల్లో ఒకడు నల్లకోటూ టోపీ వేసుకుని, ఆ మొక్క పక్కన నిలబడి పద్యం చెబుతాడు. చెప్పి, గ్లాసులో వైను తాగి, ఖాళీ గ్లాసు కిందికి విసురుతాడు. అది పగలాలి. పగిలితే ఇంటికి మంచిది. పగలకపోతే ఏమవుతుందో ఎవరూ నోటితో అనరు.

పద్యం అంటే ఏదో పెద్ద కవిత్వం కాదు. తాతల ముందు నుంచీ ఉన్నదే:

పైన దేవుడు, కింద పునాది,
నడుమన మా మేస్త్రీ చేతి పని.
ఇంటివాడికి గింజ, ఇల్లాలికి పిల్ల,
కప్పులోకి చినుకు రానీకు స్వామీ!

తోబియాస్‌తో పాటు పనిచేసే మాథెస్ పీకల దాకా తాగి కూడా దీన్ని తప్పు లేకుండా అప్పజెప్పగలడు. కానీ మొట్టమొదటిసారి తోబియాస్‌కి వంతు వచ్చినప్పుడు అతను ఈ పద్యం చెప్పలేదు. ఆ ఇల్లు ఒక ముసలి గొర్రెల కాపరిది. జన్మంతా చక్రాల గుడిసెలో, మంద పక్కన పడుకున్న మనిషి, మొదటిసారి నాలుగు గోడలు కట్టుకున్నాడు. తోబియాస్ కొప్పు మీద నిలబడి అన్నాడు:

నిన్నటి దాకా అడవిలో గాలిని మోశాం,
ఇవాళ్టి నుంచి నీ నిద్రని మోస్తాం,
అంటున్నాయి దూలాలు. విను, పడుకో.

అంతే. గ్లాసు విసిరాడు. రాయి మీద పడి తునాతునకలైంది. ముసలాడు గొర్రెచర్మం కోటులో మొహం దాచుకుని ఏడ్చాడు. ఆ మాట ఊళ్లు దాటింది. ఇల్లు కట్టుకునే ప్రతివాడూ "ఆ దూలాల చేత మాట్లాడించినవాడు కావాలి" అనడం మొదలుపెట్టాడు.

అక్కడే పట్టుకుంది అతనికి శని. ఆ పద్యం ఎలా వచ్చిందో అతనికే తెలియదు. దారిలో దొరికింది, తెచ్చి ఇచ్చాడు. అడిగితే రెండోది ఎక్కడినుంచి తేవాలి? కూర్చునేవాడు, లేచేవాడు, పెరట్లో తిరిగేవాడు. వచ్చిన ప్రతి మాటనీ ఆ మొదటి పద్యం పక్కన నిలబెట్టి చూసుకునేవాడు. నిలబడేది కాదు.

"ఏంది మనిషీ, ఆ తిరగడం?" అనేది రొజీన. "కోడి కూడా గుడ్డు పెట్టబోయే ముందు ఒకచోట కూర్చుంటుంది."

"గుడ్డు రావట్లేదే."

"రాకపోతే పాతదే చెప్పు. చినుకు రానీకు స్వామీ అంటే ఎవరు కాదంటారు?"

అతను వినలేదు. రొట్టెలు కాల్చే లూట్స్ కొత్త ఇల్లు కట్టినప్పుడు కొప్పెక్కి మొదలుపెట్టాడు: "ఈ ఇంట్లో పొద్దు రొట్టెతో పాటు పొంగుతుంది. ఈ ఇంట్లో ఆకలి..."

ఆగిపోయాడు. ఇంట్లో నూరుసార్లు చెప్పుకున్న మాట 'చస్తుంది'. తీరా పైన నిలబడి నాలుక మీద పెట్టుకుంటే అది అబద్ధంలా తగిలింది. ఆకలి చచ్చేదెక్కడ? పొద్దున చస్తే సాయంత్రం లేస్తుంది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. కింద జనం మెడలు నొప్పి పుట్టేదాకా చూశారు.

"ఒరేయ్ తోబియాస్, ఆకలి సంగతి సరే, ఇక్కడ మాకు దాహంగా ఉందిరా!" అని అరిచాడు మాథెస్. జనం నవ్వారు. నవ్వు అయిపోయింది. అతను అలాగే నిలబడి ఉన్నాడు. చివరికి వైను తాగి, గ్లాసు కోటు జేబులో పెట్టుకుని, నిచ్చెన దిగి వచ్చేశాడు.

మా ఊరి చరిత్రలో గ్లాసు జేబులో పెట్టుకుని దిగినవాడు లేడు. అతని లెక్కలో అది తప్పు కాదు. పద్యం పూర్తి కాలేదు, కాబట్టి గ్లాసు పగలగొట్టే హక్కు లేదు. కానీ ఈ లెక్క లూట్స్‌కి ఎవరు చెప్తారు? ఆ చలికాలమే వాళ్ల పొయ్యి అడ్డంగా పగిలింది.

"పగలాల్సింది పగల్లేదు, అందుకే పగలకూడనిది పగిలింది!" అని అంగట్లో వచ్చిన ప్రతివాడికీ రొట్టెతో పాటు ఈ మాట కూడా చుట్టి ఇచ్చాడు లూట్స్.

బౌడర్ మేస్త్రీ ఇంక పద్యాలు మాథెస్‌కి అప్పగించాడు. గ్లాసు తోబియాస్ ఇంట్లో కిటికీ గట్టు మీద కూర్చుంది. రొజీన దాన్ని కడిగేది కాదు, తీసి పారేసేదీ కాదు. దాని చుట్టూ మాత్రం గుడ్డ పెట్టి తుడిచేది.

ఇలా ఉండగా డాక్టర్ రీగర్ ఇల్లు కాలింది.

డాక్టరంటే మందులిచ్చే డాక్టరు కాదు, పుస్తకాల డాక్టరు. మా పక్క ఇలాంటివాళ్లకి కరువు లేదు. పాదిరి అవుతాడని పిల్లాణ్ణి చదువుకి పంపితే, నలుగురిలో ఒకడు కవిత్వం రాస్తాడు, ఒకడు దేవుడున్నాడా లేడా అని లావుపాటి పుస్తకం రాస్తాడు, ఒకడు నదిలో దూకుతాడు. మిగిలినవాడు పాదిరి అవుతాడు. రీగర్ పాతికేళ్ల వయసులో ఒక పుస్తకం రాశాడు. బెర్లిన్ దాకా పేరు మోగింది. దూరాల నుంచి కుర్రాళ్లు టోపీలు చేత్తో పట్టుకుని వచ్చి ఆయన తలుపు ముందు నిలబడేవాళ్లు. రెండో పుస్తకం మాత్రం ఎన్నేళ్లయినా తెమలలేదు. నది గట్టు మీద చేతులు వెనక్కి కట్టుకుని, తనలో తను పోట్లాడుకుంటూ నడిచేవాడు. ఎదురుపడ్డవాళ్లు పక్కకి తప్పుకునేవాళ్లు, ఎద్దుల బండికి తప్పుకున్నట్టు. ఆ వసంతంలో ఒకనాడు రాసిందంతా పొయ్యిలో వేశాడు. కట్టలు కట్టలు. పొగగొట్టంలో మసి అంటుకుని, నిప్పు పైకెక్కి, కప్పు మొత్తం పోయింది.

"పోనీలే, ఇన్నాళ్లకి ఆయన పుస్తకం వెలుగు చూసింది" అన్నాడు మాథెస్. ఎద్దుబొమ్మ సత్రంలో అందరూ ఆపిల్ కల్లు కక్కేలా నవ్వారు. తోబియాస్ ఒక్కడే నవ్వలేదు. చేతిలో కల్లు గ్లాసు అక్కడే పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

కొత్త కప్పు పని బౌడర్ మేస్త్రీకి వచ్చింది. వేడుక మాట మాట్లాడుకోడానికి మేస్త్రీ టోపీ తీసి డాక్టరు ముందు నిలబడ్డాడు. పక్కనే తోబియాస్ వాసాలకి గుర్తులు పెడుతున్నాడు.

"పద్యం మాథెస్ చెప్తాడండీ, డాక్టరు గారూ. వాడిది గట్టి గొంతు."

"గొర్రెల కాపరి ఇంటి మీద చెప్పినాయన మీ దగ్గరే గదా పని చేసేది?"

మేస్త్రీ తోబియాస్ వైపు చూసి గొంతు తగ్గించాడు. "చేస్తాడండీ. కాకపోతే వాడు... వాడు వడుకుతాడండీ."

"మరి నేనిన్నాళ్లూ ఏం చేస్తున్నాననుకున్నారు?" అన్నాడు డాక్టరు. "ఆయనే చెప్పాలి."

కాదనడానికి లేదు, ఇల్లు ఆయనది. మేస్త్రీ తోబియాస్‌ని కలపగుట్ట వెనక్కి లాక్కెళ్లాడు.

"విను. ఆయన అడిగాడు కాబట్టి ఎక్కు. కానీ మొదలుపెట్టింది పూర్తి చెయ్యి. ఈసారి గనక మధ్యలో ఆగావో, పద్యమే కాదు, ఇంక కప్పే ఎక్కనివ్వను. కింద రంపం గుంటలో కోసుకుంటూ కూర్చుందువుగాని, బతికినన్నాళ్లూ."

"అదేంది మేస్త్రీ? పద్యానికీ పనికీ ఏం సంబంధం?"

"ఏం సంబంధమా? మొన్న దూలం తాడు మీద వేలాడుతుంటే సుత్తి ఎత్తి పట్టుకుని ఎక్కడ చూస్తున్నావురా? ఏ మాట కోసం చూస్తున్నావు? కింద ఉన్నది నేను. నా తలకాయ ఇంకా మెడ మీదుందంటే అది మా అమ్మ చేసుకున్న పుణ్యం. నీకు మాటలు ముఖ్యమో మనుషులు ముఖ్యమో వేడుక రోజుతో తేలిపోవాలి."

తోబియాస్‌కి రంపం గుంట అంటే తెలుసు. పైన ఒకడు, గుంటలో ఒకడు. రంపం కిందికి, పైకి, కిందికి, పైకి. పొట్టు కళ్లలో పడుతుంది. ఆకాశం కనిపించదు. అక్కడ కూర్చుంటే తన చేతులు ఎలా కదులుతాయో అతనికి ముందే కనిపించింది. ఖాళీ రాట్నం తిప్పిన చేతుల్లాగే. కప్పు మీద గాలి ఉంది కాబట్టే తను ఇంకా బండి ఎక్కలేదని అతని నమ్మకం.

పని మొదలైంది. డాక్టరు కింది గదిలో ఉండలేకపోయేవాడు. కోటు తోకలు రెండూ నడుముకి చుట్టుకుని నిచ్చెనెక్కి వచ్చి, అడ్డదూలం మీద కూర్చునేవాడు. మాథెస్ కన్ను గీటేవాడు. "ఒరేయ్, నీ చుట్టం వచ్చాడు."

"నీకు ఎలా వస్తాయి ఐజెలె?" అని అడిగాడు ఒకరోజు డాక్టరు. "ఒక్కసారే వస్తాయా, ముక్కలు ముక్కలుగానా?"

తోబియాస్ బెజ్జంలో ఉలి ఆపాడు. ఇలాంటి మాట అతన్ని జన్మలో ఎవరూ అడగలేదు.

"మొదటిది ఊరికే వస్తదండీ. దారిలో రాలిన ఆపిల్ పండులాగా. రెండోదానికి చెట్టెక్కాలి. తలెత్తి చూస్తే చెట్టు ఉండదు."

డాక్టరు పెద్దగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ దూలం పట్టుకున్నాడు.

"నేను ఆ లేని చెట్టే ఎక్కి కూర్చున్నానయ్యా ఇన్నేళ్లు. ఒక్కొక్క వాక్యం చూస్తే సరిగ్గానే ఉండేది. మొత్తం కలిపి చదివితే అబద్ధం. ఎక్కడ దూరిందో తెలిసేది కాదు. పురుగు పట్టిన దూలంలాగా, పైకి నున్నగా."

"తడితే తెలుస్తదండీ. బోలుగా మోగుద్ది."

"తట్టీ తట్టీ చెవులు పోయాయి. ఇప్పుడు అన్నీ బోలుగానే మోగుతున్నాయి."

ఆ రోజు నుంచి తోబియాస్‌కి కాస్త ఊపిరాడింది. తనలాంటి రోగమే అంత చదువుకున్న మనిషికి కూడా ఉందంటే, అది పిచ్చి కాకపోవచ్చు. లేదా ఇద్దరికీ పిచ్చే కావచ్చు. ఏదైనా తోడు తోడే. పద్యం కూడా రావడం మొదలైంది. ఒక మధ్యాహ్నం రొట్టె తింటూ డాక్టరుకి చెప్పి వినిపించాడు:

కొత్త వాసాలం మేము, మీ సంగతి తెలియదు మాకు.
లోపల నడిచే అడుగుల చప్పుడు వింటాం,
ఎందుకని అడగం.
బయటి వానకి మేమున్నాం,
లోపలి వానకి దేవుడున్నాడు.

డాక్టరు ఆఖరి పంక్తిని తనలో తను మరోసారి అనుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఆ ఆఖరి మాట... నమ్మే చెప్తున్నావా, జత కుదిరిందని చెప్తున్నావా?"

తోబియాస్ నోట్లో రొట్టె అలాగే ఉండిపోయింది. లోపలి వానలో తడిసిన మనిషి అతనికి ఒకడు తెలుసు. ఆ మనిషి దేవుడి మీదే పాటలు కట్టాడు. దేవుడు గొడుగు పట్టుకుని రాలేదు. బండి వచ్చింది.

అంతే. ఆ మాట చచ్చిపోయింది. తట్టి చూస్తే బోలుగా మోగింది. ఇంకోటి రాలేదు. పెదవులు మళ్లీ పరుగందుకున్నాయి. అన్నం దగ్గర చెంచా పట్టుకుని మరిచిపోయాడు. మాపటికి పెరట్లో అటూ ఇటూ నడిచి నడిచి గడ్డిలో దారి పడింది.

రొజీన రెండు రోజులు చూసింది. మూడో రోజు డాక్టరు చొక్కాలు బుట్టలో వేసుకుని, నేరుగా ఆయన వాకిట్లో దించింది. తోబియాస్ పైనుంచి అంతా వింటున్నాడు.

"డాక్టరు గారూ, ఇవిగో మీ చొక్కాలు. సిరా మరకలు పోలేదు, ఇంక పోవు కూడా. ఒకటి అడుగుతా. మా ఆయన దగ్గర ఒక మాట ఉంటే పీకేశారంట. దాని బదులు ఇంకోటి ఇచ్చారా?"

"లేదమ్మా. ఉంటే నేనే వాడుకునేవాణ్ణి."

"మరెందుకు పీకారు? మీకు కాల్చుకోడానికి ఇల్లుంది. కాలితే కట్టించుకుంటారు. మాకు కాల్చుకోడానికి ఏముంది? ఆయన తలకాయ తప్ప? అది కాలితే ఏ మేస్త్రీ కప్పు వేస్తాడు?"

డాక్టరు తల వంచుకున్నాడు. ఆమె వెళ్లాక నిచ్చెనెక్కి వచ్చాడు. "ఐజెలె, నేను అడక్కుండా ఉండాల్సింది. దేవుడున్నాడు అనే చెప్పెయ్. అందరూ సంతోషిస్తారు."

"అడిగేశారు గదండీ" అన్నాడు తోబియాస్.

శనివారం మధ్యాహ్నం వేడుక. వాకిట్లో బల్లలు వేశారు. బంగాళాదుంపల కూర, మాంసం కూరిన పిండి తిత్తులు, ఆపిల్ కల్లు పీపా. పాదిరి గారు ముందు వరసలో కూర్చున్నారు. లూట్స్ కూడా వచ్చాడు, తినడానికి కొంత, చూడ్డానికి కొంత. రొజీన గోడ వారగా నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

తోబియాస్ నల్లకోటు తొడుక్కుని ఎక్కాడు. మేస్త్రీ వేడుకకని ఇచ్చిన పల్చటి గ్లాసు నిచ్చెన దగ్గరే వదిలేశాడు. జేబులోంచి వేరే గ్లాసు తీసి మాథెస్ చేత వైను పోయించుకున్నాడు. అది కిటికీ గట్టు మీదిది. అడుగు మందంగా ఉన్న పాత గ్లాసు. దాని బాకీ ముందు తీరాలని అతనికి ఎందుకో అనిపించింది.

కొప్పు మీద గాలి బాగా వీస్తోంది. రిబ్బన్లు మొహానికి కొట్టుకుంటున్నాయి. అతను మొదలుపెట్టాడు.

"కొత్త వాసాలం మేము, మీ సంగతి తెలియదు మాకు.
లోపల నడిచే అడుగుల చప్పుడు వింటాం,
ఎందుకని అడగం.
బయటి వానకి మేమున్నాం,
లోపలి వానకి..."

ఆగాడు.

కింద బౌడర్ మేస్త్రీ కళ్లు మూసుకున్నాడు. ఈసారి మాథెస్ కూడా జోకు వెయ్యలేదు. తోబియాస్ పెదవులు కదిలాయి. పాదిరి గారి పెదవులు కూడా కదిలాయి, ఇంక ఏ మాట రావాలో ఆయనకి తెలుసు కాబట్టి. ఆ మాట నాలుక మీదే ఉంది. అంటే అయిపోతుంది. కప్పు మిగులుతుంది, గాలి మిగులుతుంది. అతను నోరు తెరిచాడు. రాలేదు. కింద రొజీన కనిపించింది. గోడకి ఆనుకున్న చెయ్యి తెల్లగా పాలిపోయి ఉంది. ఆమె పక్కన డాక్టరు పైకి చూడకుండా నేల చూస్తున్నాడు, తప్పు చేసినవాడిలా. ఆ వంగిన వీపు చూస్తే తోబియాస్‌కి ఒక్కసారిగా నీరసం ముంచుకొచ్చింది. ఇంక వెతకలేడు. ఉన్నది ఉన్నట్టు చెప్పి దిగిపోదాం, గుంటలో కోసుకుందాం అనుకున్నాడు. మేస్త్రీకి చెప్పుకుంటున్నట్టు, మామూలు గొంతుతో అన్నాడు:

"లోపలి వానకి కప్పు వెయ్యడం మాకు చేతకాదు. మేం వడ్రంగులం."

అతని మటుకు అది ఓడిపోయానని చెప్పడం. కింద జనం మాత్రం పద్యం అయిపోయిందనుకున్నారు. పాదిరి గారు మొహం ముడుచుకున్నారు గానీ, వాకిట్లో ఎవరో ఆడమనిషి ముక్కు చీదుకుంది. డాక్టరు తల పైకెత్తాడు. ఆయన కళ్లలోకి తోబియాస్ చూడలేకపోయాడు. గబగబా వైను తాగి గ్లాసు విసిరేశాడు.

గ్లాసు గాల్లో తిరిగి తిరిగి, సున్నంలో కలపడానికి పోసిన ఇసుక గుట్టలో మెత్తగా కూరుకుపోయింది. పగల్లేదు.

"అయ్యో" అన్నారు ఎవరో. బెంచీలు కిర్రుమన్నాయి. మేస్త్రీ మొహం పాలిపోయింది. తోబియాస్ కొప్పు మీద దేవదారు మొక్కని పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

రొజీన కదిలింది. ఇసుకలోంచి గ్లాసు బయటికి తీసింది. చూడగానే గుర్తుపట్టింది. ఇన్నాళ్లూ దాని చుట్టూ తుడిచిన మనిషికి గుర్తు తెలియదా? ఒక్కక్షణం పైకి, మొగుడి వైపు చూసింది. తర్వాత గడప రాయి దగ్గరికి వెళ్లి, తడిసిన దుప్పటి బండకేసి బాదినట్టు, చెయ్యి పైకెత్తి ఒక్కటే దెబ్బ కొట్టింది. ముక్కలు వాకిలంతా ఎగిరాయి.

"అయిపోయింది!" అని అరిచింది పైకి. "దిగు. కూర చల్లారిపోతోంది."

"ఏయ్, అది మా ఇంటి గ్లాసు గదా!" అని మందపాటి అడుగు ముక్క చూసి లేచాడు లూట్స్. "మా వేడుకది!"

"అవునయ్యా, మీదే" అంది రొజీన, చేతికి కారిన రక్తం ఆప్రాన్‌కి తుడుచుకుంటూ. "మీ ఇంటికీ, ఈ ఇంటికీ కలిపి పగలగొట్టా. ఇంక మీ పొయ్యి పగిలితే నన్నడగకు, తాపీ మేస్త్రీని అడుగు."

మాథెస్ మొదట నవ్వాడు. తర్వాత వాకిలంతా నవ్వింది. ఆడమనిషి గ్లాసు పగలగొట్టడం చెల్లుతుందా చెల్లదా అని పెద్దవాళ్లు చాన్నాళ్లు వాదించుకున్నారు గానీ, ఆ పూటకి ఎవరూ కూర ముందు నుంచి లేవలేదు.

తోబియాస్ దిగి వచ్చాడు. మేస్త్రీ అతని భుజం మీద చెయ్యేసి, చెవి దగ్గర గొణిగాడు. "నువ్వు ఆగినప్పుడు నా ప్రాణం పోయిందిరా దరిద్రుడా. సోమవారం మిల్లు కప్పు మీదికి రా. పనిలో సుత్తి ఎత్తితే మాత్రం కిందికి దించు. మాటలు తర్వాత ఏరుకో."

డాక్టరు కూడా వచ్చి బల్ల కొసన కూర్చున్నాడు. పళ్లెం ముట్టుకోలేదు.

"ఐజెలె, ఆ ఆఖరి మాట ముందే అనుకున్నావా, అప్పుడు వచ్చిందా?"

"అది ఆఖరు మాట కాదండీ. ఆఖరుది రాలేదు. రాలేదనే చెప్పా."

డాక్టరు అతన్ని వింతగా చూశాడు. ఏదో అడగబోయాడు. అడక్కుండా ఆగాడు. రొజీన ఆయన పళ్లేన్ని ఇంకాస్త ముందుకి తోసింది.

"తినండి ఇద్దరూ. రాని మాట కోసం కూర ఆగదు."

ఎండ ఇంకా ఉండగానే మొగుడూ పెళ్లాలు ఇంటికి బయల్దేరారు. నది గట్టు మీద మిల్లు మోత వినిపిస్తోంది. రొజీన చేతికి గుడ్డ కట్టుకుంది. కొంచెం దూరం నడిచాక పక్కకి తిరిగి చూసింది. అతని పెదవులు కదులుతున్నాయి.

"వడుకుతున్నావా?" అంది.

అతను దొంగతనం బయటపడ్డవాడిలా ఆగిపోయాడు. అబద్ధం చెప్పలేకపోయాడు.

"ఊఁ."

కంచెలు దాటారు, నార ఆరబెట్టే పాత గట్టూ దాటారు.

"సరే, వడుకు" అంది చివరికి. "దారం తెగకుండా చూసుకో. కొస నా చేతికివ్వు."

గుడ్డ కట్టిన చేతిని అతని చేతిలో పెట్టి, అతని అడుగుల వేగానికి తన అడుగులు కలుపుకుంటూ నడిచింది.